పురుగు చదవని పుస్తకం

ఆ శుక్రవారం పొద్దున ఏడుంబావుకు, చింతామణి ఊళ్ళో మా పెదనాయన పాత చింతపండు కొట్టంలో ఉన్నవారూ, ఉన్నవీ ఇవి.

మా తాలూకా అధికారి అమల్దారు గారు ఒకరు. ఆయన తలమీద జరీ తలపాగా ఒకటి. ఆయన జవాన్లు ఇద్దరు. బజారు పెద్దలు పద్నాలుగు మంది, అందరూ ఉతికిన తెల్ల పంచెల్లో. మా పెదనాయన నారాయణశెట్టి, కొత్త కోటులో. సన్నాయి ఒకటి, డోలు ఒకటి, వాటిని వాయించేవాళ్ళు ఇద్దరు. అరువు బెంచీలు ఆరు. ఇటుకలతోనూ రేకులతోనూ నేను కట్టిన ఆరబెట్టే పెట్టె ఒకటి. దానిలో తట్టలు ఇరవై నాలుగు. తట్టల్లో పట్టుగూళ్ళు సుమారు ముప్ఫై మూడు వేలు. బెంగుళూరు నుంచి తెప్పించిన థర్మామీటరు ఒకటి. నా చేతిలో ముప్ఫై రెండు పేజీల కార్యప్రణాళిక. గోడమీద, అద్దం బిగించిన చట్రంలో, నా మెకానికల్ డిప్లొమా. మూలన, చెంగూ నోరూ రెండూ బిగించుకుని, దారం తీసే నంజమ్మ.

ఏడున్నరకు ఇంకొక వర్గం వచ్చింది. దాన్ని ఎవరూ పిలవలేదు. అది ఎందుకు వచ్చిందో, వచ్చి ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముహూర్తం పెట్టుకుని, సన్నాయి మేళంతో, అధికారుల సమక్షంలో మునిగిన వ్యాపారం మా తాలూకాలో ఇంకొకటి లేదని నా నమ్మకం. మామూలుగా వ్యాపారాలు చప్పుడు లేకుండా మునుగుతాయి. నాది అచ్చువేసిన ఆహ్వానపత్రికలతో మునిగింది.

యుద్ధం రాకముందు మాట. నాకు ఇరవై రెండేళ్ళు. బెంగుళూరులో మూడేళ్ళు చదివి డిప్లొమా పుచ్చుకుని వచ్చాను. మా వంశంలో అంతవరకు చదువులో ముందున్నవాడు మా పెదనాయన. ఆయన మూడో తరగతి. ఆ మూడు తరగతులతోనే ఆయన బజారులో మిరపకాయలు, ధనియాలు, చింతపండు, బెల్లం అమ్మి రెండు కొట్టాలు కట్టాడు. నాన్న పోయాక నన్ను చదివించిందీ ఆయనే. కాబట్టి నేను ఇంటికి రాగానే ఆయన అన్న మాటలో తప్పేమీ లేదు.

"సదివినావు గదరా రంగా, ఇంగ వచ్చి గల్లాపెట్టె ముందర కూకో."

తప్పు లేదు గాని, ప్రమాదం ఉంది. మా అంగట్లో గల్లాపెట్టెకు ఎడమవైపు మిరపకాయల బస్తాలు ఏడు ఉంటాయి. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడ కూర్చున్నప్పుడు నేను నా తుమ్ములు లెక్కపెట్టాను. గంటకు నలభై రెండు. బేరానికి వచ్చినవాళ్ళు ధర చెప్పించుకోవడానికి నా తుమ్ముల మధ్య ఖాళీ కోసం కాచుకుని ఉండేవారు. జీవితమంతా ఆ లెక్కన తుమ్మితే ఎన్నవుతాయో కాగితం మీద వేసి చూశాను. ఆ అంకె చూశాక, ఎలాగైనా స్వంతంగా పరిశ్రమ పెట్టాలని తీర్మానించాను.

ఏ పరిశ్రమ? మా చుట్టూ పట్టు. శిడ్లఘట్ట వైపు, దిబ్బూరహళ్ళి వైపు, రైతులు మల్బరీ ఆకుతోట వేసి పురుగులను మేపుతారు. పురుగు గూడు కట్టుకుంటుంది. ఆ గూడును ఉడకబెట్టి, కొస పట్టుకుని, రాట్నం మీద దారం తీస్తారు. ఇదంతా మనవాళ్ళు కుండలతో, పిడకలతో, చేతి అంచనాతో చేస్తున్నారు. ఒక్క థర్మామీటరు లేదు! నాకు గుండె తరుక్కుపోయింది. బెంగుళూరులో పాత పుస్తకాల అంగట్లో ఇటలీ దేశపు పట్టును గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాను. రెండుసార్లు చదివాను. ముప్ఫై రెండు పేజీల ప్రణాళిక రాశాను. దానిలో పటాలు తొమ్మిది, పట్టికలు పదకొండు.

పెదనాయన దాన్ని తలకిందులుగా పట్టుకుని కొంతసేపు చూశాడు. తలకిందులుగా పట్టుకున్నాడని ఆయనకు తెలుసు. నన్ను ఉడికించడానికి.

"దీంట్ల దారం యాడుండాది?"

"ఇరవై ఆరో పేజీలో, పెదనాయనా."

"అంత దూరముండాదా!" అని ఆలోచించి, చివరికి ఒక ఒప్పందం చెప్పాడు. "చూడు రంగా. పాత చింతపండు కొట్టం ఇస్తా. మొదటి సరుకు కొనేకి దుడ్డిస్తా. నీ దారం బెంగుళూరు బజార్ల నిలబడిందంటే కొట్టం నీది, నీ దారి నీది. నిలబడలేదంటే ఉగాది నుంచి గల్లాపెట్టె. మళ్ళా తుమ్ములు, దగ్గులు అని చెప్పకూడదు."

చేయి చాపాడు. నేను చేతిలో చేయి వేశాను. అప్పుడే ఒక తుమ్ము వచ్చింది. దాన్ని శకునంగా తీసుకోకుండా, ఆయన చేతికి అంటిన కారంగా నమోదు చేసుకున్నాను.

దారం తీయడానికి మనిషి కావాలి గదా. బాగేపల్లి నుంచి నంజమ్మను పిలిపించాడు పెదనాయన. నలభై దాటిన మనిషి. వేళ్ళు వేడినీళ్ళలో నాని నాని చింతతొక్కల్లా ఉండేవి. ఇరవై ఏళ్ళుగా రాట్నం తిప్పుతున్నది. వేలిముద్ర వేస్తుంది. వచ్చిన రోజే కొట్టమంతా తిరిగి, నా పెట్టెను వేళ్ళతో తట్టి చూసి అడిగింది.

"ఇదేందప్పా, ఇట్ల కట్టినావు? ఎవర్ని పూడ్చేకి?"

"ఆరబెట్టే పెట్టె, నంజమ్మా. కింద నిప్పు. పైన తట్టలు. ఈ రంధ్రంలో థర్మామీటరు. వేడి ఒకే మట్టంగా ఉంటుంది. లోపలి పురుగు చనిపోతుంది, దారం చెడదు."

"మేము ఎండలో వేస్తాము. లేదంటే గంప కింద ఆవిరి పెడతాము."

"ఎండకు దారం బలం తగ్గుతుందని పుస్తకంలో ఉంది."

ఆమె ఇంకొకసారి పెట్టెను తట్టింది. "పెట్టె బాగనే ఉండాది," అన్నది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మిగతా మాటలేవీ వినడం మానేశాను. చదువుకున్నవాడికి ఎదుటివాడు ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, ఇక చెవులు ఇంటికి పంపేస్తాడు.

శనివారం నాడు దిబ్బూరహళ్ళి పోయి మునెప్ప అనే రైతు దగ్గర గూళ్ళు కొన్నాను. మూడు మణుగులు. పచ్చని ఛాయ, చివరలు సన్నం, మా నాటు జాతి. మునెప్ప బండికి ఎత్తిస్తూ అన్నాడు.

"సోమవారం పురుగు గూడుకు ఎక్కినాది. మంగళవారం లోపల ఉడకబెట్టేయప్పా."

"ఏం తొందర? ఇంకా చాలా రోజులుంది."

"ఎవురు చెప్పినారు?"

"పుస్తకం."

మునెప్ప బండి తోలేవాడి వైపు చూశాడు. బండి తోలేవాడు ఎద్దుల వైపు చూశాడు. ఎద్దులు ఎవరి వైపూ చూడలేదు.

ఇక్కడ పాఠకులకు ఒక విషయం చెప్పాలి. గూట్లో పురుగు ఊరికే నిద్రపోదు. కొన్నాళ్ళకు రెక్కలు తెచ్చుకుంటుంది. దాన్ని మా వైపు చిట్టె అంటారు. ఆ చిట్టె గూటికి కన్నం పెట్టుకుని బయటికి వస్తుంది. కన్నం పడిన గూటి నుంచి దారం రాదు. ఒక్క బారెడు కూడా రాదు. అందుకని చిట్టె రాకముందే లోపల పురుగును చంపాలి. ఈ వ్యాపారమంతా ఆ గడువులోనే ఉంది.

ఆ గడువు ఎంత? పుస్తకం పదహారు రోజులన్నది. ఇంజనీరు అన్నవాడు ఎప్పుడూ కొంత జాగ్రత్త మిగుల్చుకోవాలని కాలేజీలో చెప్పారు. నేను రెండు రోజులు తగ్గించి పద్నాలుగు పెట్టుకున్నాను. గూడు మొదలైంది సోమవారం. ప్రారంభోత్సవం ఆ పై వారం శుక్రవారం, అంటే పదకొండో రోజు. మూడు రోజులు చేతిలో మిగులుతున్నాయి. ప్రణాళిక పంతొమ్మిదో పేజీలో ఈ మూడు రోజుల కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశాను. అంత ఆనందం నాకు డిప్లొమా వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఆదివారం నుంచే పెట్టె వెలిగించి ఉండవచ్చు. కాని థర్మామీటరు రాలేదు. అది బెంగుళూరు నుంచి బయలుదేరి చిక్కబళ్ళాపురం స్టేషనులో చిక్కుకుంది. మా బుల్లి రైలు సంగతి మీకు తెలియదు. దానిలో కూర్చున్నవాడు దిగి, చెట్టు కింద చుట్ట కాల్చి, నడిచి వెళ్ళి మళ్ళీ అదే పెట్టెలో ఎక్కవచ్చు. సోమవారం స్టేషనుకు మనిషిని పంపాను. మంగళవారం జాబు రాశాను. బుధవారం నేనే పోయాను. స్టేషనులో గుమాస్తా అడిగాడు.

"అది లేకుంటే ఏమి నష్టం?"

"వేడి ఎంతుందో తెలియదండీ."

"చెయ్యి పెట్టి చూస్తే?"

"చేతికి అంకెలు లేవు గదండీ."

ఆయన తన అరచేతిని ఒకసారి తిప్పి చూసుకుని, పార్సిలు వెతికి ఇచ్చాడు.

థర్మామీటరు వచ్చింది బుధవారం. అప్పుడైనా వెలిగించవచ్చు. కాని అప్పటికే నూట యాభై ఆహ్వానపత్రికలు అచ్చయ్యాయి. శుక్రవారం ఉదయం ఏడున్నరకు అమల్దారు గారి అమృత హస్తాలతో పెట్టెకు నిప్పు. పెదనాయన పురోహితుణ్ణి అడిగి మరీ పెట్టించిన ముహూర్తం. ముందే వెలిగిస్తే అమల్దారు గారు దేనికి నిప్పు పెడతారు?

గురువారం పొద్దున నంజమ్మ ఒక గూడు తీసుకుని నా దగ్గరికి వచ్చింది. దాన్ని చెవి దగ్గర ఆడించింది. తర్వాత కత్తితో చివర కోసి, లోపలి పురుగును నా అరచేతిలో పెట్టింది.

"చూడు. కండ్లు నల్లబడినాయి. రెక్కలు తేలినాయి. రేపు తెల్లారేతలికి ఇది బయట ఉంటాది."

నేను దాన్ని స్కేలుతో కొలిచాను. ఎందుకు కొలిచానో ఇప్పటికీ తెలియదు. చేతిలో స్కేలు ఉంది.

"పుస్తకం ప్రకారం ఇంకా ఆరు రోజులుంది, నంజమ్మా."

"ఆ పుస్తకం రాసినాయన పురుగు యా వూరిది?"

"ఇటలీ."

"ఇది దిబ్బూరహళ్ళిదప్పా! దీనికి ఆ పుస్తకం ఎవురు సదివి చెప్పినారు?"

ఆమె అలా అంటుండగానే ఇరవై నాలుగు తట్టల్లో మూడో తట్ట నుంచి ఒక చిట్టె బయటికి వచ్చింది. తడి రెక్కలు విప్పుకుని, గూటి మీద నిలబడి, మా ఇద్దరినీ చూసింది. నేను నోటుపుస్తకం తీసి రాసుకున్నాను: 'అసాధారణం: 1'.

"అయ్యో, రాసుకుంటాండావా?" అని నంజమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇయ్యాల ఒకటొచ్చినాదంటే రేపు తిరణాల! ఇప్పుడే కుండ పెడతా, గంపలు బోర్లిస్తా. సాయంత్రానికి అంతా ఆవిరి పట్టిస్తా. ఊ అనప్పా."

"మరి అమల్దారు గారు?"

"ఆయప్పకు ఖాళీ పెట్టె చూపీ. ఆయప్పకేం తెలుస్తాది?"

"అది మోసం కాదా?"

ఈ ప్రశ్న నేను అడిగినప్పుడు నా గొంతు చాలా గంభీరంగా ఉందని గుర్తు. ముప్ఫై మూడు వేల గూళ్ళకు ఒకటి. నూటికి ఎంతో లెక్కవేసి ఆమెకు చెప్పాను. సున్నా తర్వాత చుక్క, చుక్క తర్వాత రెండు సున్నాలు, ఆ తర్వాత గాని అంకె రాలేదు. ఆమె ఓపికగా విన్నది. విని, పోయి పెదనాయనతో మాట్లాడింది. పెదనాయన నన్ను పిలిచాడు.

"ఆయమ్మ ఏందో చెప్తాండాది. ఏమిరా?"

"మూడు రోజులు గడువుంది పెదనాయనా. లెక్క చూపిస్తాను."

"లెక్క వద్దు. నీకు ధైర్యమా?"

"ధైర్యమే."

"అయితే నీ యిష్టం. ఒప్పందం మాత్రం మర్చిపోవద్దు." ఆయన గల్లాపెట్టె మీద అరచేతితో మెల్లగా తట్టాడు. పక్కన ఏడు బస్తాలు నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

ఇప్పుడు మళ్ళీ శుక్రవారానికి వద్దాం.

ఏడుంబావుకు అమల్దారు గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. నాలుగు కాగితాలు. కచేరీలో కూర్చుని రాయించుకున్న గ్రాంథికం. విద్య లేని వ్యాపారం గుడ్డిదని, విద్యావంతులైన యువకులు ఉద్యోగాల కోసం అర్జీలు పెట్టుకోవడం మాని ఇలా పరిశ్రమలు స్థాపించాలని, ఈ రంగనాథుడు అందరికీ ఆదర్శమని. నేను వినయంగా తల వంచుకుని నిలబడ్డాను. తల వంచుకోవడం వల్ల పెట్టె తలుపు సందులో ఏం జరుగుతున్నదో అందరికంటే ముందు నాకే వినబడింది.

ఎండుటాకుల మీద సన్న జల్లు పడినట్టు చప్పుడు.

అమల్దారు గారు ఆగి పైకప్పు వైపు చూశారు. "వానా?"

"కాదండీ," అన్నాను.

"మరి?"

"పెట్టెలో గాలి ఆడుతున్నదండీ. అలా కట్టానండీ."

ఆయన తృప్తిపడి మూడో కాగితం తిప్పారు. నంజమ్మ మూలన కళ్ళు మూసుకుంది. ఏడున్నర కాగానే సన్నాయి అందుకున్నారు. జవాను అగ్గిపుల్ల వెలిగించి ఆయనకు అందించాడు. నిప్పు పెట్టేముందు లోపలి సరుకు అందరికీ చూపించాలని ప్రణాళిక ఇరవై ఒకటో పేజీలో ఉంది. నేను ప్రణాళికను తు.చ. తప్పకుండా పాటించాను. తలుపు తీశాను.

మీరు ఎప్పుడైనా జాతర నాడు రథం వీధిలోకి మలుపు తిరిగినప్పుడు ఎదురుగా వచ్చే జనాన్ని చూశారా? దాన్ని తెల్లగా, తడిగా, రెక్కలతో ఊహించుకోండి. పట్టు చిట్టె ఎగరలేదు. అది నడుస్తుంది. రెక్కలు టపటపలాడిస్తూ, పనున్న మనిషిలా, సూటిగా నడుస్తుంది. తట్టల అంచులు దాటి, ఇటుకలు దిగి, ఒకదాని మీద ఒకటి, బెంచీల కాళ్ళ మీదికి, పంచెల కుచ్చిళ్ళ మీదికి, అవి ఎక్కసాగాయి. మగవాటి పని ఆడవాటిని వెతుక్కోవడం. దొరికినచోటల్లా గిరగిరా ప్రదక్షిణ చేసి జతకూడాయి. పద్నాలుగు మంది పెద్దమనుషులు ఎటు చూడాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇదేమప్పా?" అన్నారు అమల్దారు గారు, వెలుగుతున్న అగ్గిపుల్ల అలాగే పట్టుకుని. "దారం అన్నారే?"

"దారం తర్వాతి దశ సార్."

"ఇది ఏ దశ?"

పంతొమ్మిదో పేజీ తీశాను. దానిలో ఈ దశ లేదు.

అగ్గిపుల్ల మంట వేలిదాకా వచ్చేసరికి ఆయన కెవ్వుమని విదిలించుకున్నారు. అప్పటికి మూడు చిట్టెలు, పెట్టె వైపు వంగి ఉన్న ఆయన తలపాగా జరీ మీదికి ఎక్కి స్థిరపడ్డాయి. గూట్లోంచి వచ్చిన చిట్టె కొంతసేపటికి ఒంట్లోని నీరు వదులుతుంది. ఆ నీటి రంగు కాచిన చింతపులుసు రంగు. ఇది ఇటలీ పుస్తకంలో ఉంది గాని, ఎవరి తలపాగా మీద అన్నది లేదు. అదే సమయంలో తెల్ల పంచెలు కూడా ఒక్కటొక్కటిగా రంగు తేలడం మొదలుపెట్టాయి. సన్నాయి మధ్యలో ఆగిపోయింది. వాయించేవాడు సన్నాయిని బోర్లించి తట్టాడు. ఒక చిట్టె జారిపడి, లేచి, నడుచుకుంటూ పోయింది. డోలు అతను మాత్రం ఎవరూ ఆపమనలేదని వాయిస్తూనే ఉన్నాడు.

"నిప్పు పెట్టాలా వద్దా?" అని అడిగారు అమల్దారు గారు. మర్యాదస్థుడు. వచ్చిన పని అడగకుండా పోయే మనిషి కాదు.

"అవసరం లేదు సార్," అన్నాను. నా గొంతు నాకే వేరే ఊరి నుంచి వచ్చినట్టు వినిపించింది.

ఆయన వెళ్ళారు. ఆయన వెనుక జవాన్లు, వాళ్ళ వెనుక పెద్దలు, పంచెలు విదిలించుకుంటూ. పోతూ పోతూ ఒకాయన పెదనాయన భుజం తట్టాడు. "పోనీలేప్పా శెట్టీ, పురుగులన్నా బతికినాయి గదా."

పెదనాయన కొత్త కోటు విప్పి, దులిపి, మడిచి, బెంచీ మీద పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ కోటు మడిచిన తీరులో నాకు గల్లాపెట్టె మూత తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు మూలనుంచి నంజమ్మ గొంతు.

"ఊరికే నిలబడితే ఏమొస్తాది? కాగితాలు తేండి! ఎన్నుంటే అన్ని!"

"కాగితాలెందుకు?" అన్నాను.

"ఆకుతోటలన్నీ వానకు సిగురేసినాయి. ఊళ్ళల్ల గుడ్లు దొరక్క రైతులు తిరుగుతాండారు. ఈ చిట్టెలు సాయంత్రానికి గుడ్లు పెడతాయి. దారం పోతే పోనీ, గుడ్లు అమ్ముకుందాము. కదులప్పా!"

ఆ మాట వినగానే పెదనాయన మడిచిన కోటును పక్కకు నెట్టాడు. మూడో తరగతి కళ్ళలో దీపం వెలిగింది. "అంగట్ల పొట్లాల కాగితాలు ఉండాయి, తెప్పిస్తా," అని తనే పరుగెత్తాడు.

ఆ రోజంతా ఆమె చెప్పింది మేమిద్దరం చేశాం. రెక్కలు ముడుచుకుపోయినవి, మచ్చలున్నవి ఏరి పారేసింది. మంచివి జతలు జతలుగా కాగితాల మీద పెట్టి, ఒక్కొక్క జత చుట్టూ చెరుకు తొక్కతో గిరి కట్టింది. పొట్లాల కాగితాలు అయిపోయాయి. మిగిలిన ఆహ్వానపత్రికలు నూరు వాడాం. అమల్దారు గారు వదిలేసి పోయిన ఉపన్యాసం నాలుగు కాగితాలు వాడాం. నా ప్రణాళిక ముప్ఫై రెండు పేజీలు, ఒక్కొక్కటి చించి, నేనే అందించాను. ఎర్రసిరా గీతలున్న పంతొమ్మిదో పేజీ మీద రెండు చిట్టెలు ఎంతో శ్రద్ధగా గుడ్లు పెట్టాయి. ఆ పేజీకి అంతకంటే మంచి ఉపయోగం నాకిప్పటికీ తోచదు.

నాలుగు రోజుల్లో గుడ్ల కాగితాలన్నీ అమ్ముడుపోయాయి. దిబ్బూరహళ్ళి, చాకవేలు, గూళూరు వైపు నుంచి రైతులు వచ్చి కొట్టం ముందు నిలబడి కొన్నారు. కన్నాలు పడిన గూళ్ళను కూడా నంజమ్మ ఎవరికో అంటగట్టింది. పెట్టుబడి వెనక్కు వచ్చింది. దాని మీద కాస్త వచ్చింది కూడా.

అయిదో రోజు పెదనాయన కొట్టంలో బెంచీ మీద కూర్చుని తీర్పు చెప్పాడు.

"రంగా, దారం నిలబడిందా?"

"లేదు పెదనాయనా."

"కొట్టం ఎవరికి?"

నేను పెట్టె వైపు చూశాను.

"నంజమ్మకు," అన్నాడు ఆయన. "దాంట్ల నాకూ భాగం. నీకు ఉగాది నుంచి..."

నా ముక్కు అప్పుడే దురదపెట్టింది. అప్పుడు నంజమ్మ అడ్డం వచ్చింది.

"ఈయప్పను నాకు ఇడువు శెట్టిగారూ. పెట్టె చేసిన చెయ్యి మంచిది. నిన్న ఒక తట్ట కొత్త గూళ్ళు ఏసి చూసినా, దారం బంగారం మాదిరి వస్తాంది. ఎండకన్నా మేలు. పెట్టె ఈయప్ప చూసుకోనీ. దినాలు మాత్రం నేను లెక్కపెడతా."

"ఆ పుస్తకం?" అని అడిగాడు పెదనాయన.

"కుండ కింద పెట్టినా. వంకరగ ఉన్నింది, ఇప్పుడు నిలబడింది."

అలా నేను పారిశ్రామికవేత్తనూ కాకుండా, అంగడివాణ్ణీ కాకుండా, వేలిముద్ర వేసే యజమానురాలి కింద మెకానిక్కునయ్యాను. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. పట్టుకు గిరాకీ పెరిగింది. పెట్టెలు ఒకటి నుంచి ఆరు అయ్యాయి. ఆరూ నేను కట్టినవే. వాటిలో నిప్పు ఎప్పుడు వేయాలో మాత్రం ఈరోజుకీ నంజమ్మ ఒక గూడు చెవి దగ్గర ఆడించి చెబుతుంది. నేను అడిగి రాసుకుంటాను.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నా మర్యాద కొంత మిగిలేది. కాని ఆ శుక్రవారం తర్వాత వారానికి కొట్టం గోడ చూశాను. చట్రం ఉంది. అద్దం ఉంది. లోపల డిప్లొమా లేదు.

"నంజమ్మా! గోడమీద కాగితం?"

"అదా? గట్టి కాగితమప్పా అది. నున్నగ ఉన్నింది. చిట్టెలకు అట్లాంటిదే ఇష్టం. కాగితాలన్నీ అయిపాయ గదా, ఇప్పి వాడుకున్నా."

"ఎక్కడుంది ఇప్పుడు?"

"మునెప్ప కొనుక్కపాయ."

సైకిలు మీద దిబ్బూరహళ్ళి పోయాను. మునెప్ప ఇంట్లో, చల్లని మూలన, వెదురు తట్టలో, నా పేరూ, కాలేజీ ముద్రా, ప్రిన్సిపాల్ గారి సంతకమూ పైకి కనబడేలా నా డిప్లొమా పడుకుని ఉంది. సంతకం మీద, ముద్ర మీద, 'రెండవ శ్రేణి' అన్న మాట మీద, మూడు గుండ్రటి గుడ్ల ముద్దలు.

"అది నాది మునెప్పా. ఇచ్చేయ్. వేరే కాగితం ఇస్తాను."

"ఇప్పుడు కదిలిస్తే ఎట్లప్పా? నల్లబడినాయి. రేపు, ఎల్లుండి పిల్లలవుతాయి. ఆ తర్వాత తీసుకపో."

రెండు రోజులు అక్కడే ఉండిపోయాను. ప్రిన్సిపాల్ గారి సంతకం మీద గుడ్లే మొదట చిట్లాయి. చీమ కంటే చిన్న నల్లని పురుగులు. మునెప్ప ఈకతో వాటిని లేత ఆకు తరుగు మీదికి దింపుతుంటే, మూడేళ్ళ నా చదువు పాకుకుంటూ పోయి ఆకు కొరకడం నేను కళ్ళారా చూశాను.

పంట అయ్యాక మునెప్ప తనే చింతామణికి వచ్చాడు. కొట్టం బయట నిలబడి అందరూ వినేలా అరిచాడు.

"రంగప్పా! మిగతా కాగితాలన్నిటికంటే నీ సదువు కాగితం మీద పురుగే బాగ పండిందప్పా! అట్లాంటిది ఇంగొకటుంటే ఇయ్యి!"

లేదని చెప్పాను. ఒక్కటే చదివానని చెప్పాను. "అయ్యో, ఇంగో రెండు సదివుండకూడదా?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

కనుక, నంజమ్మ సాక్షిగా, ఆరు పెట్టెల సాక్షిగా, ఏడు బస్తాల మిరపకాయల సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏ ప్రాణికీ దాని అనుమతి లేకుండా తేదీ నిర్ణయించను. కళ్ళు నల్లబడినదాన్ని స్కేలుతో కొలవను. అమల్దారుల ముందు తలుపులు తీయను. ఇంకో డిప్లొమా చదివితే దాన్ని గోడకు కొట్టేముందు నంజమ్మకు చూపించి, ఏ పక్క నున్నగా ఉందో అడుగుతాను.

డిప్లొమా ఇప్పుడు నా దగ్గరే ఉంది. పురుగులు పోయినా గుడ్ల పెంకులు అంటుకునే ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. వెయ్యిన్నీ నూట నలభై మూడు.